పెద్ద వాండా ఆర్కిడ్ పూయడం లేదు, షేడ్ నెట్ మార్చాలా?

అనంతపురంలో మా మేడ మీద మూడడుగుల వాండా ఆర్కిడ్ ఉంది. చెక్క బుట్టలోంచి వేర్లు బారెడు వేలాడుతున్నాయి. కొన్నప్పుడున్న ఊదా పూల గుత్తి రాలిపోయాక ఒక్క పూకాడ కూడా వేయలేదు.

తూర్పు వైపు, సగం ఎండను ఆపే 50 శాతం షేడ్ నెట్ కింద వేలాడదీశాను. పొద్దున ఆరున్నరకు, సాయంత్రం ఐదుకు వేర్లు పచ్చబడేదాకా నీళ్లు స్ప్రే చేస్తాను. ఇక్కడి పొడిగాలికి అరగంటలోనే మళ్లీ తెల్లబడతాయి. బోరు నీళ్ల టీడీఎస్ (కరిగిన లవణాల మోతాదు) 1,100 పీపీఎం ఉంది. వేర్ల కొసలు నల్లబడుతుంటే ఆర్‌ఓ నీళ్లకు మారాను, ఇప్పుడు కొత్త కొసలు వస్తున్నాయి. అదొక్కటే సంతోషం. వారానికోసారి 20-20-20 (నత్రజని, ఫాస్ఫరస్, పొటాష్ సమానంగా ఉన్న) ఎరువు, లీటరుకు అర గ్రాము. ఫాస్ఫరస్ ఎక్కువున్న ఎరువు కూడా వాడి చూశాను, ఫలితం లేదు.

ఆకులు గట్టిగానే ఉన్నాయి కానీ బాగా ముదురు పచ్చ. వెలుగు చాలిన వాండా ఆకు లేత పచ్చగా ఉంటుంది కాబట్టి నా అనుమానం నెట్ మీదే. తీసేద్దామంటే ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ 40 డిగ్రీలు దాటుతుంది, ఆకులు మాడిపోతాయని టెన్షన్.

రాయలసీమ ఎండల్లో వాండాను పూయించినవాళ్లు ఏ నెలలో ఎంత శాతం నెట్ వేస్తున్నారో చెప్పగలరా?