జెడ్‌ఎన్ స్లైడ్‌లో ఎర్రగా కనపడేదంతా బాసిల్లైయేనా?

డీఎంఎల్‌టీ_సెకండియర్:
నమస్తే అండీ. కళ్లె స్మియర్‌కి (స్లైడ్ మీద పలచగా పరిచిన పొరకి) జీల్-నీల్సన్ (జెడ్‌ఎన్) స్టెయిన్ వేస్తున్నా, అదే టీబీ క్రిములు ఎర్రగా కనపడేలా చేసే రంగు పద్ధతి. ఆయిల్ ఇమ్మర్షన్‌లో (నూనె చుక్క వేసి చూసే లెన్స్‌తో) నీలం బ్యాక్‌గ్రౌండ్ మీద ఎర్రటి ముక్కలు అక్కడక్కడా కుప్పలుగా ఉన్నాయి. టీబీ బాసిల్లైయా (పుల్లల్లాంటి టీబీ క్రిములా), రంగు గడ్డలా? పాజిటివ్ అని రాస్తే ఒక మనిషి ఆరు నెలలు మందులు మింగాలి. టెన్షన్‌గా ఉంది.

గుంటూరు_ల్యాబక్క:
ముందు ఫైన్ ఫోకస్ తిప్పి చూడు తమ్ముడూ. బాసిల్లై అయితే పక్కనున్న కణాలతో పాటే ఫోకస్‌లోకి వస్తాయి. రంగు గడ్డలు స్మియర్ పైన కూర్చుంటాయి, కణాలు తేటగా ఉన్నప్పుడు అవి మసకగా ఉంటాయి. పైగా ముదురు ఎరుపు, అంచులు మొనదేలి ఉంటాయి. అసలు బాసిల్లస్ సన్నగా, కాస్త వంగి, మధ్యమధ్య పూసలు గుచ్చినట్టు ఉంటుంది.

కుప్పలంటున్నావు కాబట్టి నా అనుమానం వేడి చేసే దగ్గరే. కార్బాల్ ఫుక్సిన్ (ఆ ఎర్ర రంగు) నుంచి ఆవిరి లేవగానే స్పిరిట్ ల్యాంప్ పక్కకి తీసెయ్, మరగనివ్వకు. తర్వాత ఐదు నిమిషాలు. ఈలోపు స్లైడ్ ఎండిందా, ఫుక్సిన్ అక్కడే గడ్డ కడుతుంది, ఇక అదనపు రంగు వదిలించే ఆసిడ్ పోసినా సరిగ్గా వదలదు. ఆరిపోయేలా ఉంటే ఇంకాస్త రంగు పొయ్యి. సీసా అడుగున మడ్డి కనిపిస్తే ఫిల్టర్ పేపర్‌లో వడగట్టాకే వాడు.

స్మియర్ మందంగా ఉన్నా తిప్పలే. చీపురుపుల్ల విరిచి, ఆ విరిగిన కొనతో ఉమ్ము కాకుండా చిక్కటి పసుపు ముద్ద వెతికి తియ్యి. 3x2 సెంటీమీటర్ల మేర స్లైడ్ మీద పరుచు. ఆరాక కింద న్యూస్‌పేపర్ పెడితే అక్షరాలు చదవగలగాలి. మా దగ్గరికి కొత్తగా వచ్చిన పిల్లలకి నేను మైక్రోస్కోప్ కంటే ముందు చీపురుపుల్లే ఇస్తా. మొహం మాడ్చుకుంటారు, అది వేరే సంగతి.

నైట్‌డ్యూటీ:
అక్కా, మేం 20% సల్ఫ్యూరిక్ ఆసిడ్ వాడతాం. పర్లేదా? వంద ఫీల్డులు (లెన్స్‌లో ఒక్కోసారి కనిపించే మేర) చూస్తే బాసిల్లై నాలుగే దొరికాయి, నెగటివ్ ఇచ్చేయమంటున్నారు.

గుంటూరు_ల్యాబక్క:
20% పుస్తకాల్లో ఉన్నదే. టీబీ ప్రోగ్రామ్‌లో మాత్రం 25%, రెండు నుంచి నాలుగు నిమిషాలు. కలిపేటప్పుడు నీళ్లలోకి ఆసిడ్ పొయ్యాలి, ఆసిడ్‌లోకి నీళ్లు కాదు.

నాలుగు దొరికితే నెగటివ్ ఎలా అవుతుంది బాబూ? ‘స్కాంటీ 4’ (బాగా తక్కువ, నాలుగే) అని అంకెతో సహా రాయి. వందకి 10 నుంచి 99 వస్తే 1+. ఆ స్లైడ్‌కి ముందు 3+ (బాసిల్లై బాగా ఎక్కువున్న) స్లైడ్ చూశావా? చూసుంటే ఆయిల్‌తో పాటు లెన్స్‌కి అంటుకుని వచ్చాయేమో. లెన్స్ తుడిచి, అదే శాంపిల్‌తో ఇంకో స్మియర్ వెయ్యి.

డీఎంఎల్‌టీ_సెకండియర్:
ఫోకస్ తిప్పి చూశానక్కా, కణాలు తేటగా వస్తుంటే ముక్కలు మసకబారుతున్నాయి. ఇక నెగటివ్ రాసెయ్యొచ్చా?

గుంటూరు_ల్యాబక్క:
ఆ స్లైడ్ మీద ఏ రిపోర్టూ రాయకు. రంగు వడగట్టి కొత్త స్మియర్ వెయ్యి, పక్కనే తెలిసిన పాజిటివ్, నెగటివ్ కంట్రోల్ స్లైడ్లు కూడా. అదీ నెగటివ్ వచ్చి పేషెంట్‌కి దగ్గు తగ్గకపోతే సీబీనాట్‌కి (టీబీ క్రిమి జన్యువుని మెషిన్‌తో పట్టే పరీక్షకి) పంపమని డాక్టరు గారికి చెప్పు. మిల్లీలీటరుకి 5,000 నుంచి 10,000 బాసిల్లై ఉంటేగానీ స్మియర్‌లో మన కంటికి దొరకవు.