పాపం దేవుని దగ్గర ఒప్పుకుంటే చాలదా, గురువు ఎందుకు?

ఒంగోలు తండ్రి:
అందరికీ వందనాలు. మాది తరతరాలుగా బాప్టిస్టు కుటుంబం. మా అమ్మాయికి నెల్లూరు కాథలిక్ కుటుంబంలో సంబంధం కుదిరింది. అబ్బాయి బుద్ధిమంతుడు, ఇంటివారు మర్యాదస్తులు. పెళ్లి వాళ్ల గుడిలో చేయాలంటే ఒప్పుకున్నాం. అయితే మా సంఘంలో ఒక పెద్దాయన, "ఇక నీ కూతురు ఫాదర్ ముందు మోకరించి పాపాలు చెప్పుకోవాలి. దేవునికీ నరులకూ మధ్య మధ్యవర్తి క్రీస్తు ఒక్కడే అని నేర్పి పెంచింది ఇందుకా?" అన్నారు. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. మా అమ్మాయి తప్పనిసరిగా పాప సంకీర్తనం, అంటే గురువైన ఫాదర్ దగ్గర పాపాలు చెప్పుకోవడం, చేయాలా? అసలు ఒక మనిషి పాపాన్ని క్షమించే అధికారం మరో మనిషికి ఎక్కడి నుంచి వచ్చింది? తెలిసినవారు చెప్పండి.

నెల్లూరు ఉపదేశి:
అయ్యా, ముందు మీ బెంగ సంగతి. మీ అమ్మాయి కాథలిక్ కావాలన్న షరతు పెళ్లికి లేదు. బాప్తిస్మం పొందిన ఇతర సంఘస్థురాలిని చేసుకోవడానికి అబ్బాయి పీఠాధిపతి (బిషప్) అనుమతి తీసుకోవాలి, అంతే. ఆమె బాప్టిస్టుగానే ఉంటే పాప సంకీర్తనం అడగరు. రేపు తనంతట తానే మా కాథలిక్ సభలో చేరాలనుకుంటే అప్పుడు చేయాలి. నీటి బాప్తిస్మం త్రిత్వ నామంలో, అంటే తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో జరిగి ఉంటే దాన్ని మళ్లీ ఇవ్వరు.

ఇక అధికారం. యోహాను 20లో పునరుత్థానుడైన ప్రభువు శిష్యుల మీద ఊది, మీరు ఎవరి పాపాలు క్షమిస్తే అవి క్షమించబడతాయి, ఎవరివి నిలిపి ఉంచితే అవి నిలిచి ఉంటాయి అన్నాడు. క్షమించాలా, నిలిపి ఉంచాలా అని తేల్చాలంటే ముందు వినాలి కదా. గురువు తన సొంత పుణ్యంతో క్షమించడు. క్షమించేది క్రీస్తే, పలికే నోరు గురువుది. పాస్టరు గారు మీ కోసం ప్రార్థిస్తే క్రీస్తు మధ్యవర్తిత్వానికి లోటు రానట్టే, ఇక్కడా రాదు. విన్నదాన్ని గురువు ఎవరికీ చెప్పకూడదు. నేరుగా బయటపెడితే ఆ క్షణమే వెలి. తన ప్రాణం మీదికి వచ్చినా చెప్పకూడదు.

కందుకూరు డీకన్:
ఉపదేశి గారు మర్యాదగా రాశారు, నేనూ అలాగే రాస్తాను. కానీ నొక్కి చెబుతాను. అపొస్తలుల కార్యములు మొత్తం చదవండి. పేతురు ముందు కూర్చుని ఎవరైనా తన పాపాలు ఏకరువు పెట్టారా? 8వ అధ్యాయంలో సీమోను డబ్బుతో ఆత్మ వరాన్ని కొనబోయాడు. పేతురు "నేను నిన్ను క్షమిస్తున్నాను" అనలేదు, పశ్చాత్తాపపడి ప్రభువును వేడుకో అన్నాడు. ప్రభువు నుంచి పరలోక రాజ్య తాళపుచెవులు అందుకున్న పేతురే అలా చేశాడు!

చరిత్ర చూడండి. తొలి శతాబ్దాల్లో ఘోర పాపాలకు సంఘం ఎదుట బహిరంగ ప్రాయశ్చిత్తం ఉండేది. చాటుగా, మళ్లీమళ్లీ చెప్పుకునే పద్ధతి ఐర్లండ్ సన్యాసుల ద్వారా వ్యాపించింది. ఏడాదికి ఒకసారైనా తప్పదని చట్టం చేసింది 1215లో కాథలిక్ పీఠాధిపతుల నాలుగో లాటరన్ మహాసభ. దాన్ని కాదన్నవారిని శపించింది 1551లో ట్రెంట్ మహాసభ. ప్రభువు నేర్పినదే అయితే మెట్టుమెట్టుగా చట్టాలు ఎందుకు కావలసి వచ్చాయి?

మరొకటి. మన గుట్టు తెలిసిన మనిషి చేతిలో మనం ఉంటాం. 2018లో కేరళలో ఒక ఆర్థడాక్స్ సభ గురువులపై, ఒప్పుకోలులో విన్నదాన్ని పట్టుకుని ఒక స్త్రీని వేధించారన్న ఆరోపణలు వచ్చాయి. జాతీయ మహిళా కమిషన్ ఈ ఆచారాన్నే రద్దు చేయమని సిఫారసు చేసింది. అది కాథలిక్ సభ కాదని నాకు తెలుసు. ప్రమాదం మాత్రం ఆచారంలోనే ఉంది.

గూడూరు లూథరన్:
డీకన్ గారూ, ప్రొటెస్టంట్లందరి తరఫునా మాట్లాడకండి. మా వైపు, అంటే నెల్లూరు జిల్లా దక్షిణాన, జర్మనీకి చెందిన హెర్మన్స్‌బర్గ్ మిషన్ వల్ల వచ్చిన సంఘాలు మావి. మా లూథరన్ల మూల ప్రమాణమైన 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం 11వ అంశంలో ఏకాంత పాపవిమోచన, అంటే ఒక్కొక్కరికీ విడిగా క్షమాపణ పలకడం, సంఘాల్లో నిలిచి ఉండాలనే రాసి ఉంది. ప్రతి పాపాన్నీ లెక్కపెట్టి చెప్పనక్కరలేదని మాత్రమే అంటుంది. లూథర్ 1517లో పోరాడింది డబ్బుకు క్షమాపణ పత్రాలు అమ్మే వ్యాపారం మీద. ఒప్పుకోలును ఆయన చివరిదాకా ప్రేమించాడు. ఆరాధన మొదట్లో మేమంతా కలిసి ఒప్పుకుంటాం, అయ్యగారు క్షమాపణ ప్రకటిస్తారు. ఆ మాట చెవిన పడకపోతే నాకు ఆ వారం వెలితిగా ఉంటుంది.

కావలి టీచరమ్మ:
డీకన్ గారు గుట్టు ప్రమాదం అన్నారు కాబట్టి నేను మాట్లాడక తప్పదు. నేను పుట్టింది బాప్టిస్టు ఇంట్లో, మెట్టింది కాథలిక్ ఇంట్లో. పెళ్లయిన చాలా ఏళ్లకు నా ఇష్టంతోనే అటు చేరాను.

నా చిన్నతనంలో మా సంఘంలో ఒక అక్కను ఆదివారం ఆరాధన అయ్యాక నిలబెట్టారు. ఎవరితోనో తిరుగుతోందని ఎవరో చెప్పారు. పెద్దలు అడిగారు, ఆమె తల దించుకుంది. జాబితాలో పేరు కొట్టేశారు, రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ప్రభువు బల్లకు రావద్దన్నారు. మేము పిల్లలం బెంచీల మీద కూర్చుని అంతా విన్నాం. సాయంత్రానికి పేట మొత్తం అదే మాట. ఆ మగవాడిని ఎవరూ నిలబెట్టలేదు. ఆమె మళ్లీ ఏ చర్చి గడపా తొక్కలేదు.

డీకన్ గారూ, ఏ అధికారంతో ఆమెను బల్లకు దూరం చేశారు? మత్తయి 18తోనే కదా? భూమి మీద మీరు బంధించినది పరలోకంలోనూ బంధించబడుతుంది అన్న మాట అక్కడే ఉంది. అంటే బంధించే అధికారం మనుషులకు ఉందని మీరూ నమ్ముతారు. విప్పే అధికారం దగ్గరకు వచ్చేసరికి మాత్రం అది దేవునికే అంటారు. అది నాకు మింగుడు పడదు.

నా మొదటి పాప సంకీర్తనానికి ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో వెళ్లాను. చేతులు వణికాయి. గురువు నా ముఖం చూడలేదు, ఎవరితో, ఎప్పుడు అని గుచ్చి అడగలేదు. ఒక కీర్తన చదువుకోమని ప్రాయశ్చిత్తం ఇచ్చి, విమోచన మాటలు పలికారు. బయటికి వచ్చాక నా గురించి ఎవరికీ ఏమీ తెలియదు. ఆ అక్కకు ఇలాంటి చోటు ఒకటి ఉండి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

కందుకూరు డీకన్:
అమ్మా, మీరు చెప్పింది అన్యాయమే. మత్తయి 18లో మొదటి మెట్టు ఒంటరిగా వెళ్లి మాట్లాడటం, రెండోది ఇద్దరు ముగ్గురితో వెళ్లడం. సంఘం చివరిది. ఆ మెట్లు దాటేసి పిల్లల ముందు నిలబెట్టినవారు వాక్యాన్ని మీరారు.

అయినా తేడా ఉంది. సంఘం సభ్యత్వాన్ని ఆపుతుంది. "దేవుని ఎదుట నీ పాపం పోయింది" అని ఏ డీకనూ చెప్పడు. మా సంఘాల పుట్టుక గుర్తుచేసుకోండి. 1876–78 కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు పని సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. దానికి ముందు ప్రతి ఒక్కరినీ పరీక్షించారు, పల్లె ప్రసంగీకులు వారి నడవడి ఎలాంటిదో చెప్పారు. సాక్ష్యం తోటివారిది, విశ్వాసం ఎవరిది వారిది, క్షమాపణ దేవునిది. మా పద్ధతి అదీ.

ఉపదేశి గారికి ఒక ప్రశ్న. కరోనాలో ఆసుపత్రి లోపలికి గురువును రానివ్వని రోజుల్లో చనిపోయినవారి సంగతి ఏమిటి?

నెల్లూరు ఉపదేశి:
మంచి ప్రశ్న. దేవుని మీద ప్రేమతో నిండుగా పశ్చాత్తాపపడి, వీలైన వెంటనే పాప సంకీర్తనం చేయాలని నిశ్చయించుకుంటే చావైన పాపాలకు, అంటే ఆత్మను చంపేంత ఘోర పాపాలకు కూడా క్షమాపణ దొరుకుతుందని మా బోధ ఎప్పటి నుంచో చెబుతోంది. 2020 మార్చిలో రోము ఇదే మళ్లీ గుర్తుచేసింది. పాప సంకీర్తనం వంటి తన సంస్కారాలకే కట్టుబడి దేవుడు ఆగిపోడు. మనం మాత్రం ఆయన ఇచ్చిన దారిని వద్దనకూడదు.

నాదీ ఒక ప్రశ్న. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా హైవే పక్కన బోర్డులు చూడండి. సంఘంలో తగవు వస్తే ఒక పాస్టరు బయటికి వచ్చి సొంత మినిస్ట్రీ పెడతారు. ఆయన బోధ తప్పితే ఎవరు అడగాలి? బైబిలే అధికారం అంటారు, ఇద్దరి చేతుల్లోనూ అదే బైబిలు ఉంది. అందులో ఏ పుస్తకాలు ఉండాలో గుర్తించింది కూడా సభే కదా?

కందుకూరు డీకన్:
సొంత మినిస్ట్రీల బాధ నాకూ ఉంది, ఆ విషయంలో వాదించను. కానీ సంఘం ఆ పుస్తకాలను గుర్తుపట్టింది, వాటికి అధికారం ఇవ్వలేదు. మా సంఘం కూడుకుని పాస్టరును తీసేయగలదు. మీ విచారణ ప్రజలు, అంటే మీ గుడి పరిధిలోని వారు, ఫాదర్‌ను తీసేయగలరా? పీఠాధిపతి బదిలీ చేసేదాకా ఎదురుచూడాలి. ఇక్కడ మనం కలవం.

ఒంగోలు తండ్రి:
అందరికీ కృతజ్ఞతలు. టీచరమ్మ గారు రాసింది మా ఇంటావిడకు చదివి వినిపించాను. అమ్మాయి మీద బలవంతం లేదని తెలిసి మనసు కుదుటపడింది. అయితే పిల్లలు పుడితే? మేము పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వం. వాళ్లు ఇస్తారు. ఆ పిల్లలు పాప సంకీర్తనానికీ వెళ్లాలా?

నెల్లూరు ఉపదేశి:
దాచకుండా చెబుతాను. పిల్లలకు కాథలిక్ జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇప్పించి, ఆ విశ్వాసంలో పెంచడానికి తన శక్తి కొద్దీ చేస్తానని అబ్బాయి మాట ఇవ్వాలి. మీ అమ్మాయి ఆ మాట ఇవ్వనక్కరలేదు, కానీ అతను ఇచ్చినట్టు ఆమెకు ముందే తెలియాలి. పిల్లలకు ఏడేళ్ల ప్రాయంలో, తొలి సత్ప్రసాదానికి, అంటే మొదటిసారి ప్రభువు బల్లలో పాలుపొందడానికి ముందు పాప సంకీర్తనం ఉంటుంది. తల్లి వారికి బైబిలు నేర్పడానికి, మీ ఆరాధనకు తీసుకెళ్లడానికి అడ్డేమీ లేదు. పెళ్లి ప్రకటనలు చదవకముందే రెండు కుటుంబాలూ విచారణ గురువుల దగ్గర కూర్చోండి.

ఒంగోలు తండ్రి:
ఈ మాట ఇంతవరకు అటువైపు వారు ఎత్తలేదు, మేమూ అడగలేదు. ఆదివారం నెల్లూరు వెళ్తున్నాం. ముందు అబ్బాయినే అడుగుతాను, ఆ తర్వాతే ఫాదర్ గారిని కలుస్తాం.