రాత్రి ప్రార్థనకు రానివారికి పరిచర్య అప్పగించకూడదా?

పాత నగరం విశ్వాసి:
ప్రభువు నామంలో అందరికీ వందనాలు. విశాఖలోని మా సంఘంలో నెలకొకసారి జరిగే రాత్రంతా ప్రార్థనకు హాజరుకాని వారికి సండే స్కూలు, పాటల బృందం వంటి పరిచర్యలు అప్పగించరాదని కొందరు పెద్దలు ప్రతిపాదించారు. ఈ నియమం వస్తే, ఆసుపత్రిలో నర్సుగా రాత్రి డ్యూటీ చేస్తూ పిల్లలకు పాఠం చెప్పే ఒక సహోదరి తప్పుకోవలసి వస్తుంది. ప్రభువు తిరిగి వచ్చే రాకడ కొరకు మెలకువగా ఉండడమంటే ఇదేనా?

గాజువాక సంఘపెద్ద:
ప్రతిపాదన కఠినమని వెంటనే తోసిపుచ్చకండి. గెత్సేమనే తోటలో, తాను పట్టుబడిన రాత్రి, ప్రభువు శిష్యులను అడిగింది ఒక్క గడియ మెలకువగా ఉండమనే. వారు నిద్రపోయారు, ఆ రాత్రే చెదిరిపోయారు. నెలకొక రాత్రి నిద్ర మానుకోలేని వ్యక్తి పిల్లలకు ప్రార్థన గురించి ఏమి నేర్పగలడు? పెళ్లిళ్లకు దొరికే సెలవు ప్రార్థనకు మాత్రం దొరకదు.

మహారాణిపేట సహోదరి:
అన్నయ్య గారి చివరి మాటను నేను కాదనలేను. అయితే గెత్సేమనేను నియమంగా మార్చే ముందు మత్తయి 25వ అధ్యాయంలో రాకడను గురించి ప్రభువు చెప్పిన పదిమంది కన్యకల ఉపమానం కూడా చదవాలి. పెండ్లికుమారుడు ఆలస్యం చేయగా పదిమంది కన్యకలూ కునికి నిద్రపోయారని 5వ వచనం చెబుతోంది. బుద్ధిగలవారు సైతం నిద్రపోయారు, అయినా సిద్దెలలో, అంటే దీపాల కోసం తెచ్చుకున్న పాత్రలలో, నూనె ఉన్నందున వారు తలుపు బయట మిగిలిపోలేదు. అంతకుముందు అధ్యాయంలో నమ్మకమైన దాసుడి గురుతు మరింత సూటిగా ఉంది: యజమానుడు వచ్చేసరికి అతడు ఇంటివారికి వేళకు అన్నం పెడుతూ కనబడాలి. చెడ్డ దాసుడి మీద మోపిన నేరం నిద్ర కాదు, తోటి దాసులను కొట్టడం, తాగుబోతులతో కలిసి తాగడం.

రాత్రి మూడు గంటలకు సెలైన్ సీసా ఖాళీ కాబోతుంటే, రోగి బంధువు లేచి పిలవకముందే దానిని మార్చి, పక్క మంచం మీది పసివాడి జ్వరం చూసి రాసిపెట్టే మనిషికి మెలకువ లేదని ఎలా అనగలం? (ఆ వేళకు మన ప్రార్థనల్లో వెనుక వరుసలు గోడకు ఆనుకొని ఉంటాయని అందరికీ తెలుసు.)

మన పట్నానికే 1805లో వచ్చిన లండన్ మిషనరీలు జార్జి క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ తెలుగు నేర్చుకొని సువార్తల అనువాదానికి పూనుకున్నారు. 1809లో ఒకరు, 1810లో మరొకరు పని చేతిలో ఉండగానే కన్నుమూశారు; తరువాత ఎడ్వర్డ్ ప్రిట్చెట్ పూర్తిచేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది. వారిని నమ్మకమైన సేవకులని మనం నేటికీ చెప్పుకుంటున్నది హాజరు పట్టీ చూసి కాదు కదా.

గాజువాక సంఘపెద్ద:
నర్సు సహోదరి విషయంలో నాకు పట్టింపు లేదు. కానీ పనే ప్రార్థన అనుకొని మోకాళ్లు వంచడమే మానేసినవారిని నేను ఎరుగుదును. నెహెమ్యా 4:9లో యెరూషలేము గోడ కట్టేవారు దేవునికి ప్రార్థనా చేశారు, కావలీ పెట్టారు.

మహారాణిపేట సహోదరి:
రెండూ కావాలన్నదే నా మాట కూడా. మార్కు 13:34లో యజమానుడు ఎవరి పని వారికి అప్పగించి, మెలకువగా ఉండమని ద్వారపాలకుడికి ఆజ్ఞాపించాడు. 37వ వచనం ఆ మెలకువను అందరికీ వర్తింపజేసినా, అందరినీ వాకిటి దగ్గరే నిలబెట్టలేదు. నియమం తప్పనిసరి అయితే కాపరికీ పెద్దలకూ పెట్టుకోండి. సండే స్కూలు టీచరును మాత్రం ఆదివారం పాఠం సిద్ధం చేసుకొని వచ్చిందా లేదా అన్నదానిని బట్టి చూడండి.