మార్కులు తగ్గినప్పుడల్లా అబ్బాయికి పట్టలేనంత ఆవేశం: ఇంట్లో మేమేం చేయాలి?

ప్రశ్న (తల్లి, విజయవాడ):
మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. వారాంతపు పరీక్షలో మార్కులు తగ్గిన రోజున ఇంటికి రాగానే సంచి విసిరికొట్టి, పలకరించినవారి మీదల్లా అరిచి, గది తలుపు వేసుకుంటాడు. కాసేపటికి తనే వచ్చి అన్నం పెట్టమంటాడు కానీ, జరిగినదాని ఊసెత్తితే కథ మళ్లీ మొదటికొస్తుంది. వాళ్ల నాన్నగారు గద్దిస్తారు, నేను బతిమాలుతాను; రెండింటివల్లా ఫలితం కనిపించలేదు. తెలిసినవారు దారి చెప్పగలరు.

జవాబు (కౌమార దశ పిల్లల కౌన్సెలర్):
అమ్మా, మెదడులో భయాన్నీ కోపాన్నీ రేపడంలో ముఖ్యపాత్ర వహించే అమిగ్డలా అనే భాగం ఈ వయసుకే చురుకుగా ఉంటుంది. ఆగి ఆలోచించడానికి తోడ్పడే మెదడు ముందుభాగం మాత్రం సుమారు 25 ఏళ్ల వరకు ఎదుగుతూనే ఉంటుంది. అందువల్ల అరుస్తున్నప్పుడు చేసే హితబోధ, అది ఎంత మంచిదైనా, వాడి చెవికెక్కదు. ఆ కాసేపు గొంతు తగ్గించి, "నువ్వు బాగా ఉడికిపోతున్నావు, నేను వంటింట్లోనే ఉంటాను" అని చెప్పి పక్కకు తప్పుకోండి. చన్నీళ్లతో ముఖం కడుక్కోవడం, పీల్చిన దానికంటే నెమ్మదిగా ఊపిరి వదలడం గుండె వేగాన్ని తగ్గిస్తాయి. అయితే వీటిని మనసు కుదురుగా ఉన్న రోజుల్లోనే అలవాటు చేయించాలి. కోపంలో ఉన్నవాణ్ణి "ఊపిరి పీల్చుకో" అంటే ఇంకా మండిపడతాడు.

దిండును బాదితే కోపం తీరిపోతుందని చాలామంది సలహా ఇస్తుంటారు. 2002లో మనస్తత్వ శాస్త్రవేత్త బ్రాడ్ బుష్‌మన్ ప్రచురించిన ప్రయోగంలో, తమకు కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ పంచింగ్ బ్యాగును కొట్టినవారికి, ఊరికే కూర్చున్నవారికంటే ఎక్కువ కోపం మిగిలింది.

జవాబు (డిగ్రీ విద్యార్థి):
ఆంటీ, మా కాలేజీలో ర్యాంకును బట్టి సెక్షన్ మార్చేవారు. స్నేహితులందరి ముందు పుస్తకాలు సర్దుకుని కింది సెక్షన్‌కు వెళ్లాల్సి రావడంలో ఉన్న అవమానం మార్కుల బాధకంటే పెద్దది. పైకి కోపంగా కనిపించేది లోపల సిగ్గో, మీరు కట్టిన ఫీజు గురించిన బెంగో కావచ్చు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే మేము చెప్పము. బండి మీద వెళ్తున్నప్పుడో, బట్టలు మడత పెడుతున్నప్పుడో అడిగితే నోరు విప్పుతాము. గుమ్మంలోనే "ఎన్ని వచ్చాయి?" అని మాత్రం దయచేసి అడగకండి.

జవాబు (ఒక తండ్రి, వరంగల్):
ఇదంతా బాగానే ఉంది కానీ, సంచి విసిరినా, అమ్మను మాటలన్నా ఊరుకోవాలంటే నేను ఒప్పుకోను. రేపు ఉద్యోగంలో పై అధికారి మీద కూడా ఇలాగే అరిస్తే వాణ్ణి ఎవరు భరిస్తారు?

జవాబు (కౌన్సెలర్):
ఊరుకోమని నేనూ అనడం లేదండీ. కోపం రావడం తప్పు కాదు, వస్తువులు విసరడం, మాటలు తూలడం తప్పు అనే గీత ఇంట్లో అందరికీ ఒకటే ఉండాలి. గద్దించే పెద్దలకూ అది వర్తిస్తుంది. పగిలినదాన్ని వాడే బాగు చేయించాలి, నొప్పించినవారితో వాడే మాట్లాడాలి. అయితే ఆ లెక్క మర్నాడు తేల్చుకోవాలి.

ప్రశ్న అడిగిన తల్లి:
సెక్షన్ మార్పు సంగతి మాకు తెలియనే తెలియదు, ఆదివారం సంతకు వెళ్లేటప్పుడు కదిపి చూస్తాను. వైద్యసహాయం ఎప్పుడు అవసరమవుతుందో కూడా చెప్పగలరా?

జవాబు (కౌన్సెలర్):
రెండు వారాలకు పైగా నిద్ర, తిండి దెబ్బతిన్నా, స్నేహితులకు పూర్తిగా దూరమైనా మానసిక వైద్యులకు చూపించండి. చనిపోతానని గానీ, తాను ఎందుకూ పనికిరానని గానీ అంటే, కోపంలో అన్నాడులే అనుకోకుండా అదేరోజు సూటిగా అడగండి, ఒంటరిగా వదలకండి, వెంటనే వైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి. అలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సేవకు 14416 నంబరుపై ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మీరైనా చేయవచ్చు, అబ్బాయైనా చేయవచ్చు.