స్కీయింగ్ లెక్క: మొత్తం సమయం సరిపోతోంది, ముక్కలు మాత్రం కుదరడం లేదు

లెక్కలరాయుడు:
క్రాస్‌కంట్రీ స్కీయింగ్‌కు చిన్న నమూనా రాసుకున్నాను. గురుత్వం, మంచు ఘర్షణ, గాలి నిరోధం కూడి వేగంతో గుణిస్తే కావలసిన శక్తి. దారి పొడవునా 200 వాట్లు పెట్టాను. మొత్తం సమయం నా గడియారానికి దగ్గరగానే వచ్చింది. కానీ ఎక్కుడులో నా కాగితపు మనిషి నత్తలా పాకుతున్నాడు, పల్లంలో నన్ను దాటి దూసుకుపోతున్నాడు. తప్పెక్కడ?

ఊపిరి:
ఆ 200 దగ్గరే. నేనూ మొదట అలాగే చేశాను. పల్లంలో వేగం బాగా పెరిగాక పోల్ (చేతిలోని ఊతకర్ర) మంచులో దిగేలోపే మనం దాని పక్కనుంచి వెళ్ళిపోతాం, తొయ్యడానికి వ్యవధి ఉండదు. అక్కడ శక్తి సున్నా చేసి, ఒళ్ళు ముడుచుకుంటారు కాబట్టి గాలి నిరోధం తగ్గించండి. మలుపుల్లో వేగం కోయడం మరచిపోకండి. మిగిలిన శక్తిని ఎక్కుడుకు మళ్ళించండి. పోటీదారులు అక్కడ తమ గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం ఇవ్వగలిగిన దానికి మించి ఖర్చుపెట్టి, ఆ అప్పును పల్లంలో తీర్చుకుంటారు.

మంచుదారి:
అంకెల్లో చూద్దాం. సామానుతో కలిపి 80 కిలోలు, 10 శాతం ఎక్కుడు, సెకనుకు 3.5 మీటర్లు, ఘర్షణ గుణకం 0.03. గురుత్వానికి 78 న్యూటన్లు, ఘర్షణకు 23, గాలికి 4 కూడా రాదు. దాదాపు 370 వాట్లు. శరీర సామర్థ్యం (ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తిలో కదలికగా మారే వంతు) 17 శాతం అనుకుంటే నిమిషానికి సుమారు 6.2 లీటర్ల ఆక్సిజన్! మనిషి బరువు 75 కిలోలైతే కిలోకు 83 మిల్లీలీటర్లు. ప్రపంచ స్థాయి పురుషుల స్థాయి అది. నాలాంటివాడు అర నిమిషం నిలబడితే గొప్ప.

మైనం:
ఘర్షణ గుణకాన్ని ఊహించి పెట్టకండి. 0.03 కాస్తా 0.04 అయితే ఆ ఎక్కుడులో భారం 7 శాతమే పెరుగుతుంది. చదునులో సెకనుకు 7 మీటర్ల దగ్గర 20 శాతం. మంచు బాగా చల్లబడితే స్కీ కింద నీటి పొర చాలదు, జారుడు చస్తుంది. సుమారు 3 శాతం వాలులో తొయ్యకుండా మెల్లగా వదిలి చూడండి: వేగం పెరగక, తగ్గక సాగితే మీ గుణకం దాదాపు 0.03.

పాతకాపు:
17 శాతం అన్నది రాతిమీద గీత కాదు. డబుల్ పోలింగ్‌కు (రెండు పోల్‌లతో ఒకేసారి తొయ్యడం) ఒకటి, స్కేటింగ్‌కు (స్కీలను పక్కలకు తోస్తూ సాగడం) ఇంకొకటి, అలసిన కాళ్ళకు మరొకటి. ట్రెడ్‌మిల్ మీద రోలర్ స్కీలతో (చక్రాల స్కీలు) కొలిచినదాన్ని తెచ్చి మంచుకు అంటిస్తే నేనొప్పుకోను.

ఊపిరి:
@పాతకాపు ఒప్పుకుంటాను. అయినా ఎక్కడో మొదలుపెట్టాలి కదా.

లెక్కలరాయుడు:
పల్లంలో సున్నా చేశాను, ఎక్కుడుకు అప్పు తొట్టి (ఎక్కుడులో ఖాళీ అయి, పల్లంలో మళ్ళీ నిండే అదనపు శక్తి నిల్వ) ఒకటి పెట్టాను. పల్లం కుదిరింది. రెండో ఎక్కుడు మాత్రం ఇంకా అతివేగంగా వస్తోంది. మధ్యలో పల్లం చిన్నది, తొట్టి అంతలోనే నిండిపోతోందని అనుమానం.

ఊపిరి:
అదే. ఖాళీ ఎక్కువైనప్పుడు మొదట్లో గబగబా నిండి, పోనుపోను నెమ్మదిస్తుంది. తొట్టి ఎప్పుడూ ఒకే వేగంతో నిండుతుందనే సరళరేఖ తీసేయండి.