పోవిస్ కోటలో టిప్పు గుడారం: వెనక్కి అడగాలా, వద్దా?

రేవతి_బ్రిస్టల్: వేల్స్‌లో వెల్ష్‌పూల్ పక్కన ఉన్న పోవిస్ కోట చూసొచ్చాం. ఎర్ర రాతి కోట, కింద మెట్లు మెట్లుగా తోట, చాలా బాగుంది. లోపల క్లైవ్ మ్యూజియం ఉంది, ఈస్టిండియా కంపెనీ రాబర్ట్ క్లైవ్ కుటుంబం పేరు మీద. టిప్పు సుల్తాన్ గుడారం అక్కడే ఉంది, తెల్ల నూలు గుడ్డ మీద పూల కూజాలు అద్దినది. ఆయన సింహాసనం మీది బంగారు పులి తల కూడా, కెంపులూ వజ్రాలూ పొదిగి. ఇవి మనవాళ్లు వెనక్కి అడగాలంటారా?

బందరోడు: అడగాల్సిందే. క్లైవ్ మా బందరునీ వదల్లేదు. 1759లో కల్నల్ ఫోర్డ్‌ని పంపి ఫ్రెంచివాళ్ల దగ్గర కోట పట్టుకున్నాడు, 1765లో ఢిల్లీ పాదుషా చేత ఉత్తర సర్కారులు, అంటే మా కోస్తా జిల్లాలు, రాయించుకున్నాడు. టిప్పునీ దోచుకున్నాడు. దొంగ సొత్తు ఎక్కడ దొరికినా సొంతదారుకి ఇవ్వాల్సిందే, ఇందులో చర్చేముంది?

వేణు_స్వాన్సీ: టిప్పు దగ్గరికొచ్చేసరికి ఆ క్లైవ్ లేడండీ. రాబర్ట్ క్లైవ్ 1774లోనే పోయాడు, టిప్పు చనిపోయింది 1799 మే 4న. అప్పుడు మద్రాసు గవర్నరుగా ఉన్నది క్లైవ్ కొడుకు ఎడ్వర్డ్, అతనూ యుద్ధంలో లేడు. శ్రీరంగపట్నం పడ్డాక ప్రైజ్ ఏజెంట్లు, అంటే దోపిడి సొత్తు పంచే సైనికాధికారులు, సింహాసనం ముక్కలు చేసి, హోదాని బట్టి సైన్యానికి పంచారు.

బందరోడు: తండ్రో కొడుకో, సొత్తు ఆ ఇంట్లోనే ఉందిగా.

వేణు_స్వాన్సీ: పేరే తప్పు రాస్తే వాళ్లు మన అర్జీ చదువుతారా? ఇంకోటి. మా తాతగారి తాళపత్రాలు మన దగ్గరే ఒక మ్యూజియానికి ఇచ్చాం. కొన్నేళ్లకి వెళ్లి అడిగితే రిజిస్టరులో లేవన్నారు, చివరికి ఒక కట్ట చెదలు పట్టి బయటపడింది. మా నాన్న ఆ రోజు అన్నం ముట్టలేదు. అక్కడ గుడారం పదిలంగా ఉంది, ఉండనివ్వండి.

సుధీర్99: పాయింటే.

బందరోడు: మీ తాళపత్రాలు పోతే టిప్పు గుడారం వాళ్లదైపోతుందా? అక్కడి పాస్‌పోర్టు చేతికొచ్చాక అందరూ ఇలాగే మాట్లాడతారు.

వేణు_స్వాన్సీ: పాస్‌పోర్టు మాట తీసేయండి. నాది ఇప్పటికీ ఇండియన్ పాస్‌పోర్టే. తేదీ సరిచేస్తే దేశద్రోహం అంటగడతారా?

రేవతి_బ్రిస్టల్: ప్లీజ్, గొడవ వద్దు.

పద్మ_అనంతపురం: ఇందాకటి నుంచి చూస్తున్నా, ఇద్దరూ గుడారం దగ్గరే ఆగిపోయారు. ఆ కోటని నిలబెట్టింది గుడారం కాదు, డబ్బు. కోట హెర్బర్టులది, వాళ్లు అప్పుల్లో ఉన్నారు. ఆ ఇంటి పిల్ల హెన్రియెట్టాని ఎడ్వర్డ్ 1784లో చేసుకున్నాడు. ఆమె అన్న పెళ్లి కాకుండానే 1801లో పోయాడు, ఆ ఇంటి బిరుదు అలా ఎడ్వర్డ్‌కి వచ్చి 1804లో పోవిస్ ఎర్ల్ అయ్యాడు. కోటని మళ్లీ నిలబెట్టింది రాబర్ట్ క్లైవ్ తెచ్చిన సొమ్మే. బెంగాల్ జాగీరు ఒక్కదాని మీదే ఏడాదికి సుమారు 27,000 పౌండ్లు వచ్చేవి. అదంతా రైతు కట్టిన శిస్తు కాదా?

ఎడ్వర్డ్ గవర్నరుగా ఉండగానే 1800లో నిజాం మా దత్త మండలాలు, అంటే ఇప్పటి రాయలసీమ వైపు జిల్లాలు, కంపెనీకి రాసిచ్చాడు, తనకి కాపలా ఉండే కంపెనీ సైన్యం ఖర్చు కింద. అత్త సొమ్ము అల్లుడు దానం! అవి నిజాంకి వచ్చిందే మైసూరు యుద్ధాల్లో వాటాగా. టిప్పు, నిజాం, కంపెనీ, ఇలా చేతులు మారినప్పుడు మా ఊళ్లని ఎవరడిగారు? బందరు అన్నా, మీ సర్కారుల్లో శాశ్వత శిస్తు పెట్టిందీ 1802లో ఎడ్వర్డ్ హయాంలోనే. పేష్కషు, అంటే జమీందారు కంపెనీకి కట్టాల్సిన శిస్తు, కట్టలేని ఎస్టేట్లు వేలానికి పోయాయి. దాని గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. పులి తల రాజుది, శిస్తు మనది.

సుధీర్99: ఇది ఎప్పుడూ వినలేదండీ.

బందరోడు: అంటే గుడారం వదిలేయమంటావా అమ్మా?

పద్మ_అనంతపురం: వదిలేయమనలేదు. ఎవరికిస్తారని అడుగుతున్నా. ఇంకో గాజు పెట్టెలోకి మారితే మా తాతముత్తాతల లెక్క ఎక్కడ కనపడుతుంది? 1952 నుంచీ ఆ కోట పాత కట్టడాలు కాపాడే నేషనల్ ట్రస్టు చేతిలో ఉంది. బానిసత్వంతో, వలస పాలనతో సంబంధమున్న 93 చోట్ల గురించి 2020లో వాళ్లే నివేదిక వేశారు, అందులో పోవిస్ కూడా ఉంది. ఏ మండలం నుంచి ఎంత శిస్తు వెళ్లిందో గుడారం పక్కన రాయాలి, తెలుగులో కూడా. నా పట్టు అది.

వేణు_స్వాన్సీ: దీనికి నేను సంతకం పెడతా.

బందరోడు: బోర్డు రాయడం వాళ్లకి ఖర్చు లేని పని, అందుకే ఒప్పుకుంటారు. ఇచ్చేయమంటేనే నొప్పి తెలుస్తుంది. నేను గుడారమే అడుగుతా, శిస్తు లెక్క దానితో పాటు రావాలి.