పెద్దవాళ్ళ చేతికి పని: ఇంట్లో దొరికేవాటితో ఏమేం చేయించవచ్చు?

కాలవగట్టు (ప్రశ్న):
అమలాపురం దగ్గర పల్లెటూరు. వారానికి రెండు మధ్యాహ్నాలు రామాలయం మండపంలో తొమ్మిదిమంది పెద్దవాళ్ళు కూర్చుంటారు, 66 నుంచి 84 ఏళ్ళ వాళ్ళు. గంటసేపు చేతికి ఏదైనా పని ఉండాలని. ఇద్దరికి వేళ్ళ కీళ్ళు వాస్తాయి. ఒకరికి పార్కిన్సన్స్ వణుకు. ఒక తాతగారికి పక్షవాతం వల్ల ఎడమచేతికి పట్టు లేదు. ఒక మామ్మగారికి మతిమరుపు, చేతికందింది నోట్లో పెట్టేసుకుంటారు. రంగులు నింపే పుస్తకాలు, ఐస్‌క్రీం పుల్లల ఇళ్ళు మాత్రం చెప్పకండి, "మేమేమన్నా అంగన్‌వాడీ పిల్లలమా" అంటారు. చేసింది ఇంట్లో వాడుకోవాలి. ఖర్చు నెలకి 300 దాటకూడదు. పాత చీరలు, వరిగడ్డి, కొబ్బరాకు, పేపర్లు కావలసినన్ని ఉన్నాయి. కొలతలతో చెప్పండి.

గోతపుసూది:
అయితే పాత చీరతో మొదలెట్టండి, జడలా అల్లి గుండ్రటి పట్ట చేయించవచ్చు. నూలు చీరే కావాలి. సింథటిక్ చీర నిలువునా చిరగదు, పైగా వేడి గిన్నె పెడితే కరుగుతుంది.

అంచులు కత్తిరించేసి, వెడల్పు వైపు 2 అంగుళాలకో గాటు పెట్టి చీర పొడవునా చింపితే 20కి పైగా పీలికలు వస్తాయి. గాటు కత్తెరతో మీరు పెట్టండి, చింపడం వాళ్ళకి వదిలేయండి. ఆ చిరిగే చప్పుడు అందరికీ ఇష్టమే, కీళ్ళవాపు ఉన్నవాళ్ళు కూడా ఇద్దరు చెరో కొస పట్టుకుని లాగితే సులువుగా వస్తుంది. మతిమరుపు మామ్మగారికి ఆ పీలికల్ని ఉండలు చుట్టే పని ఇవ్వండి. నోట్లో పట్టేంత చిన్న వస్తువు అందులో ఏమీ ఉండదు.

మూడు పీలికల కొసలు ముడేసి కిటికీ చువ్వకి కట్టి, జడలా అల్లాలి. జడ అల్లడం ఎవరికీ నేర్పక్కర్లేదు. మూడూ ఒకే పొడవు ఉండకూడదు, ఒకటి 2 గజాలు, ఒకటి 3, ఒకటి 4 ఇలా తీసుకోండి. లేకపోతే అతుకులు మూడూ ఒక్కచోటే పడి అక్కడ బొడిపె కడుతుంది. అతుకుకి సూది అక్కర్లేదు. పాత పీలిక కొసనీ కొత్త పీలిక కొసనీ అరంగుళం లోపలికి చిన్న చీలిక పెట్టి, ఒకదాని మీద ఒకటి చీలికలు కలిసేలా ఉంచి, కొత్త పీలిక రెండో కొసని రెండు చీలికల్లోంచి దూర్చి లాగితే బిగుసుకుంటుంది.

జడ 8 గజాలు దాటాక బల్ల మీద పరిచి, చక్రంలా చుట్టుకుంటూ పక్కపక్క వరసల్ని దారంతో కుట్టాలి. ఇక్కడే చాలామందికి చెడుతుంది. చేతిలో పట్టుకుని కుడితే తెలియకుండానే జడ లాగేస్తారు, పట్ట గిన్నెలా పైకి లేస్తుంది. వదులుగా వదిలేస్తే అంచు అప్పడంలా అలలు పోతుంది. బల్ల మీద చదునుగా ఉంచి, మెలిక తిరిగే చోట జడని కాస్త ఎక్కువిచ్చి కుడితే రెండూ ఉండవు. అడుగున్నర వెడల్పు పట్టలు ఒక చీరకి రెండు ఖాయం.

ఇక ఒక మాట గట్టిగా చెప్పాలి: పెద్దవాళ్ళున్న ఇంట్లో దీన్ని స్నానాలగది గుమ్మం దగ్గర వేయకండి. నున్నటి టైల్స్ మీద జారుతుంది. కుర్చీలో కింద వేసుకోడానికో, అన్నం గిన్నె కిందకో వాడండి.

చిట్టిగవ్వ:
గురివింద గింజలు, చింతగింజలు దారానికి గుచ్చించండి. దండలు బావుంటాయి, ఖర్చు సున్నా.

పువ్వొత్తి:
చిట్టిగవ్వ గారూ, గురివింద మాత్రం వద్దండి. గింజలో విషం ఉంది. పై పెంకు గట్టిగా ఉన్నంతసేపే కాస్త నయం, గుచ్చడానికి చిల్లు పెడితే ఆ రక్షణ కూడా పోతుంది. నోట్లో పెట్టుకునే మనిషి ఉన్నచోట చింతగింజ కూడా వద్దు, గొంతుకి అడ్డం పడుతుంది. గుచ్చుడు పనే కావాలంటే బంతిపూలు తెప్పించండి, పూలతోటల కడియం మీ జిల్లాల వైపే కదా. మొన మొద్దుగా ఉన్న లావు సూది, రెండు పేటల దారం. పువ్వు తొడిమ దగ్గర గుచ్చితే జారదు, రేకల్లోంచి గుచ్చితే సాయంత్రానికి రాలిపోతుంది.

మీ తొమ్మిదిమందిలో సగంమందికి ముందే వచ్చిన పని వత్తులు. మందుల షాపు దూది చుట్ట ఒకటి చాలు, నెలంతా వస్తుంది. ఉసిరికాయంత దూది తీసి, వేళ్ళతో లాగుతూ 2 అంగుళాల గుండ్రటి పొరలా పరచాలి. మధ్యలో పట్టుకుని పైకెత్తి, కొసని విభూతి అద్దిన వేళ్ళతో ముప్పాతిక అంగుళం మేర పురి పెట్టాలి. విభూతి వేళ్ళు జారకుండా పట్టునిస్తుంది. కొందరు పాలు అద్దుతారు, కానీ వానాకాలం మన తేమకి పాలతడి వత్తులు డబ్బాలో పెడితే మర్నాటికే వాసనొస్తాయి. పాలతో చేస్తే పళ్ళెంలో పరిచి పూర్తిగా ఆరాకే మూతపెట్టాలి.

పురి మరీ బిగిస్తే నూనె పైకి ఎక్కదు, వత్తి నల్లబడి ఆరిపోతుంది. మరీ వదులైతే మంట పెద్దదై పొగ కడుతుంది. తెల్లదూది తెల్లగుడ్డ మీద పెడితే చూపు తగ్గినవాళ్ళకి కనపడదు, కింద ముదురు రంగు తువ్వాలు పరవండి. ఫ్యాను ఆపేయండి. ఆయాసం ఉన్నవాళ్ళని దూదికి దూరంగా కూర్చోబెట్టండి.

వణుకు ఉన్నాయనకి పువ్వొత్తి కష్టం. మోచేతులు రెండూ బల్లకి ఆనేలా కూర్చోబెట్టి, అంచున్న పళ్ళెంలో దూది పొరలు విడదీసే పని ఇవ్వండి. మందు బాగా పనిచేస్తున్న వేళ ఏదో ఇంట్లోవాళ్ళని అడిగి ఆ టైముకే పిలవండి.

కార్తీకానికి 365 వత్తుల కట్ట కూడా చేయించవచ్చు. 4 అంగుళాల అట్టముక్కకి నూలుదారం చుట్టి, ఒకవైపు మాత్రం కత్తిరిస్తే చుట్టుకో పోగు. లెక్క తప్పడమే పెద్ద తలనొప్పి. ఐదుగురికి పంచేయండి, తలా 73 చుట్లు.

తాటిమట్ట:
వరిగడ్డి ఉందన్నారు కాబట్టి కుండ కింద పెట్టే చుట్టకుదురు. కానీ కోతమిషన్ గడ్డి పనికిరాదు, నలిగి ముక్కలైపోయి ఉంటుంది. కొడవలితో కోసిన చేలోది, పొడుగు గడ్డి అడిగి తెచ్చుకోండి. పనికి అరగంట ముందు నీళ్ళు చిలకరించి గోనెపట్టా కప్పాలి. పొడిగడ్డి విరుగుతుంది, దుమ్ముకి దురద.

బొటనవేలంత లావు పరక తీసి పురి పెట్టి, 4 అంగుళాల కంత ఉండేలా రింగు కట్టి, మిగిలిన గడ్డిని దాని చుట్టూ తిప్పుకుంటూ పోవాలి. కొత్త పరక కలిపేటప్పుడు పాతది జానెడు ఉండగానే కలపాలి, చివరిదాకా ఆగితే ఊడుతుంది. లావు మణికట్టంత అయ్యాక పైన చీరపీలిక చుట్టేస్తే గుచ్చుకోదు. రెండురోజులు ఎండలో పెట్టాలి, లేదా బూజు. బిందెలు ఎత్తేవాళ్ళు తగ్గినా, అడుగు గుండ్రంగా ఉన్న కుండకీ, పచ్చడి జాడీకీ ఇప్పటికీ కావాలి.

కొబ్బరాకు అయితే చిలకలు, బుట్టల జోలికి ఇప్పుడే పోకండి, చదరపు అల్లికతో ఆపండి. ఈనె తీసేసిన పీలికలు ముప్పాతిక అంగుళం వెడల్పు, అడుగు పొడవు, 10 నిలువు, 10 అడ్డం. ఏడున్నర అంగుళాల చదరం వస్తుంది, అంచుకి రెండేసి అంగుళాలు మడవడానికి మిగులుతుంది. పచ్చాకుతో ఒక్కరోజులో ముగిస్తే ఆరాక సందులు పడతాయి. ఆకు ఒకరోజు నీడన వాడనిచ్చి అల్లాలి, మరుసటి వారం మళ్ళీ బిగించి అప్పుడు అంచులు మడవాలి. ఆకు అంచు చర్మాన్ని కోస్తుంది, షుగర్ ఉన్నవాళ్ళ వేళ్ళు చూసుకోండి. ఈనెలు పారేయకండి, చీపురుకి.

తాటాకు కావాలంటే ఆకు మాత్రమే తెండి. మట్ట అంచు రంపమే, నా పేరు చూసి తెచ్చేస్తారేమో.

కాలవగట్టు:
చాలా ఉపయోగం అండి. రెండు సందేహాలు. ఎడమచెయ్యి పనిచేయని తాతగారికి జడ ఎలా? పేపర్ కవర్ల గురించి ఎవరూ చెప్పలేదు. ఒక మామ్మగారు నరసాపురం వైపు ఆవిడ, ఒకప్పుడు లేసు అల్లేవారట, ఇప్పుడు కళ్ళు కనపడటం లేదంటున్నారు.

గోతపుసూది:
తాతగారికి జడ పెట్టకండి, విసుగొస్తుంది. కవర్లు సరిగ్గా ఆయన పనే. పేపరు కదలకుండా ఎడమవైపు ఇటుకని గుడ్డలో చుట్టి బరువుగా పెట్టండి. మడతల గీతలు ముందే అట్ట పెట్టి నొక్కి ఇస్తే కుడిచేత్తో మడిచి గరిటె వెనకతో రుద్దుతారు.

జిగురు: గ్లాసు నీళ్ళకి 2 పెద్ద చెంచాల మైదా. ముందు చన్నీళ్ళలో ఉండల్లేకుండా కలిపి, తర్వాతే పొయ్యి మీద పెట్టి కలుపుతూ పారదర్శకంగా అయ్యేదాకా ఉంచాలి. చిటికెడు పటిక వేయండి. పురుగు పట్టదని మైలతుత్తం కలుపుతుంటారు, అది విషం, మీ మండపంలోకి రానివ్వకండి. జిగురు పలచగా రాయాలి, దట్టంగా రాస్తే పేపరు ముడతపడి చిరుగుతుంది. పప్పులూ పకోడీలూ వేసుకోడానికి మాత్రం ఈ కవర్లు ఇవ్వొద్దు. అచ్చు సిరా తిండికి తగలకూడదని ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ హెచ్చరించింది కూడా. మందుల షాపుకీ గాజుల కొట్టుకీ ఇవ్వండి.

పువ్వొత్తి:
లేసు మామ్మగారి సంగతి. నరసాపురం లేసుకి 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, ఆవిడకి చెప్పండి, సంతోషిస్తారు. సన్నదారం, సన్నసూది ఇప్పుడు వద్దు. 4 లేదా 5 మిల్లీమీటర్ల కొక్కెం సూది, లావు నూలు లేదా ఉన్ని ఇవ్వండి, చేతికి పాతపని గుర్తే, కంటికి శ్రమ తగ్గుతుంది. నలుపు, ముదురు నీలం దారాలు వద్దు, కుట్టు కనపడదు. సూది పిడికి గుడ్డ చుట్టి రబ్బరు బ్యాండు వేస్తే వేళ్ళు బిగించక్కర్లేదు. వెలుతురు భుజం వెనకనుంచి పడాలి. 20 నిమిషాలకి ఒకసారి సూది కింద పెట్టించండి, ఆవిడంతట ఆవిడ ఆపరు.